ఆకు తెచ్చారా?

మా దుకాణం అంబాజీపేటలో, కొబ్బరికాయల లారీలు తిరిగే రోడ్డు మీద. బోర్డు మీద డీటీపీ, ఆఫ్‌సెట్ ప్రింటింగ్ అని ఉంటుంది. వచ్చే పని మాత్రం శుభలేఖలు, కొబ్బరి కొట్లకు బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు, సంక్రాంతి ముందు ప్రభల తీర్థం పోస్టర్లు. నాకంటే ముందు ఇదే గదిలో నాన్న ముప్పై ఏళ్లు సీసం అక్షరాలు పేర్చి పేజీలు కట్టారు. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషనును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేసిన రోజు ఆయన మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. అది ఉన్నచోటే ఇప్పుడు నా కంప్యూటర్ బల్ల ఉంది.

మొన్న మా మేనల్లుడు అమలాపురం నుంచి ఫోను చేశాడు. ఇంజనీరింగు మూడో ఏడు. "అత్తా, ప్రాజెక్టులో ఒకచోట ఇరుక్కుపోయాను. ఆ సాఫ్ట్‌వేరు వాళ్లకు మూడుసార్లు రాశాను. ఒక్కరూ పలకలేదు. నీకు మాత్రం జవాబులు వస్తాయట కదా, నాన్న చెప్పారు. కిటుకు ఏమిటి?" అన్నాడు. ఏం రాశావో చదివి వినిపించమన్నాను. చదివాడు. నాకు నవ్వు ఆగలేదు. 2019లో నేను రాసిన ఉత్తరాన్నే వాడు చదువుతున్నట్టు ఉంది. కిటుకు చెబుదామని మొదలుపెట్టేసరికి కొబ్బరి కొట్టు గుమాస్తా బిల్లు పుస్తకాల కోసం వచ్చి నిలబడ్డాడు. ఫోను పెట్టేశాను. మిగతాది రాసి పంపిస్తానని మాటిచ్చాను కాబట్టి ఇది.

ముందు నా ఉత్తరం కథ.

పాత రోజుల్లో డీటీపీ తెలుగు అంటే, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించిన ఫాంట్లు. మా కంప్యూటర్లో చక్కగా కనబడే శుభలేఖ, పెళ్లివారి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు కూడా ముసలిదైపోయింది. ఆ ఏడు కొత్త కంప్యూటర్ కొన్నాక దాని మీద పాతది నడవనని మొరాయించింది. సరే, ఇక ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడు పద్ధతికే మారిపోదామని, ఉచితంగా దొరికే ఒక పేజీల సాఫ్ట్‌వేరు దించుకున్నాను. పేరు ఎందుకు లెండి, మంచిదే. రెండు వారాలు కుస్తీ పట్టి చేయి తిప్పుకున్నాను. అంతలో కనుమ పోస్టర్ల పని వచ్చింది.

కనుమ నాడు మా మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే శివుడి రూపాలు, ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి గుడ్డలతో అలంకరించిన వాహనాల మీద వచ్చి అక్కడ కలుసుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక ఏటి నీళ్లలోంచి భుజాల మీద దాటించడం చూడని కోనసీమ మనిషి ఉండడు. ఆ పోస్టరు మీద పెద్ద అక్షరాలు పడాలి, ఎడం ఎడంగా, దూరం నుంచి కనబడేటట్టు. "ప్రభల తీర్థం" అని పెట్టి చూద్దును కదా, ప కింద ఉండాల్సిన ర వత్తు జరిగి, ప కీ భ కీ మధ్య ఖాళీలో ఒంటరిగా వేలాడుతోంది. ర కింద ఉండాల్సిన వత్తు కూడా అంతే, పక్కింటికి వెళ్లింది. 

ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు ఒక ఉమ్మడి ఈమెయిలు చిరునామా ఉంటుంది. దానికి రాస్తే ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్లకు, వాడేవాళ్లకు, కొన్ని వందల మందికి ఒకేసారి చేరుతుంది. డిసెంబరు 14న రాశాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. తహసీల్దారు కార్యాలయం బయట అర్జీలు రాసే పెద్దమనిషి ఇంగ్లీషు నేర్చుకుని రాసినట్టు ఉంది: ఆర్యా, సవినయంగా మనవి చేసుకోవడమేమనగా. సబ్జెక్టు లైనులో "అర్జెంట్, దయచేసి సాయం చేయండి". తరవాత నేనెవరిని, మా ఊరు ఎక్కడ, నాన్న సీసం అక్షరాలు, కనుమ మహత్యం, పదకొండు మంది రుద్రులు. ముప్పయ్యో లైనులో "తెలుగు అక్షరాలు తప్పుగా వస్తున్నాయి" అని ఒక్క ముక్క. జతగా, కంప్యూటర్ తెరను ఫోనుతో వంకరగా తీసిన ఫొటో. అందులో పోస్టరు కంటే ట్యూబులైటు వెలుగే ఎక్కువ పడింది.

ఇందులో నా తప్పు ఎంతో, మా గోదావరి మర్యాద తప్పు కూడా అంతే. మా దగ్గర పని మీద ఎవరింటికైనా వెళితే, ఆ పని మాట ముందే ఎత్తడం మొరటుతనం. మంచినీళ్లు, కాఫీ, పిల్లల చదువులు, ఈసారి దింపులో కాయ ఎంత పడింది, ధర ఎలా ఉంది, అన్నీ అయ్యాక, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "అన్నట్టు..." అని అసలు సంగతి. అవతలివాళ్లకూ తెలుసు, ఆ అన్నట్టు కోసమే వచ్చారని. ఇంటికి వచ్చిన మనిషికి అది అందంగానే ఉంటుంది. పగలంతా ఉద్యోగం చేసి, ఇంటికి వచ్చి, పిల్లలను పడుకోబెట్టాక అరగంట కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి నలభై ఉత్తరాలు వచ్చి ఉంటాయి. వాటిలో ముప్పయ్యో లైను దాకా ఎవరు చదువుతారు? అక్కడ మర్యాద అంటే ఆ మనిషి అరగంటలో నా వాటాగా రెండు నిమిషాలే తీసుకోవడం. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు.

తొమ్మిది రోజులు ఎదురుచూశాను. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డట్టు, గంటకోసారి తొంగి చూడడం. తెల్లవాళ్లకు మన భాషంటే లోకువ అని దుకాణానికి వచ్చినవాళ్లందరితో అన్నాను. 23న కోపంగా ఇంకో ఉత్తరం: "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" దానికి జవాబు వచ్చింది. ఒకే ఒక్క లైను. "ఏ వెర్షను? సమస్య కనబడే చిన్న ఫైలు పంపండి." నమస్కారం లేదు, సంతకం లేదు. చెంప మీద కొట్టినట్టు అనిపించింది. అది క్రిస్మస్ ముందు రోజుల సంగతి. మనకు భోగి ముందు ఇల్లు ఎలా ఉంటుందో వాళ్లకు అప్పుడు అలా ఉంటుంది. ఆ హడావుడిలో కూడా ఒకాయన ఆగి, నాకు కావలసిన రెండు సంగతులూ ఒక లైనులో చెప్పి వెళ్లాడు. అది నాకు కనబడలేదు.

ఆ వారమే నాన్నను తీసుకుని మా ఊళ్లోనే ఉన్న కొబ్బరి పరిశోధన స్థానానికి వెళ్లాను. మాకు ఇంటి వెనక కొద్దిపాటి తోట ఉంది. మట్టల మీద మసి పూసినట్టు నల్లగా అయిపోతోంది. మాకంటే ముందు వచ్చిన ఒక రైతు శాస్త్రవేత్త గారి ముందు కూర్చుని చెబుతున్నారు: చెట్లు నల్లబడిపోతున్నాయండి, దిగుబడి పోయిందండి, ఏదో ఒక మందు చెప్పండి. ఆయన అంతా విని, "ఆకు తెచ్చారా?" అని అడిగారు. తేలేదు. "నలుపు ఆకు పైనా, అడుగునా? ముదురు మట్టలకా, లేత మట్టలకా?" రైతు నా వైపు చూశారు, నాకేదో తెలిసినట్టు. "రేపు ఒక ఆకు కోసుకుని రండి, చూసి చెబుతాను" అన్నారు శాస్త్రవేత్త గారు.

నాన్న సంచిలోంచి మడిచిన ఆకు తీసి బల్ల మీద పెట్టారు. నేను తెమ్మనలేదు, ఆయనే కోసుకొచ్చారు. శాస్త్రవేత్త గారు ఆకు తిరగేసి అడుగున చూపించారు: తెల్లని మైనంలాంటి పొడి, సున్నాలు చుట్టినట్టు వలయాలు వలయాలుగా. సర్పిలాకార తెల్లదోమ. అది అడుగున కూర్చుని రసం పీలుస్తుంది, తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది మట్టల మీద పడితే దాని మీద మసిలాంటి బూజు పెరుగుతుంది. మనకు కనబడేది ఆ బూజు. రోగం పై మట్ట అడుగున, మచ్చ కింది మట్ట పైన. పురుగుమందు కొడితే తెల్లదోమను తినే మిత్రపురుగులు కూడా చస్తాయి, తొందరపడకండి అని చెప్పి, ఏం చేయాలో చీటీ మీద రాసిచ్చారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రైతు ఇరవై నిమిషాలు కూర్చుని ఉత్త చేతులతో వెళ్లారు. శాస్త్రవేత్త గారికి ఆయన మీద చిరాకేమీ లేదు. చూడడానికి ఆకు లేదు, అంతే.

ఇంటికి వచ్చేదారిలో నాకు ఆ ఒక్క లైను జవాబు గుర్తొచ్చింది. "చిన్న ఫైలు పంపండి." ఆకు తెచ్చారా అని అడిగాడు పాపం ఆయన. నేను తోట గురించి కావ్యం రాశాను.

ఆ రాత్రి దుకాణం షట్టరు సగం దించి ఆకు కోయడానికి కూర్చున్నాను. నాన్న పక్కన కుర్చీలో. అప్పటికి ఆయన కళ్లలో శుక్లాలు ముదిరి ఉన్నాయి, ఆపరేషను సంక్రాంతి వెళ్లాక చేయిద్దామనుకున్నాం. తెర మీద ఏముందో నేను చెబుతుంటే వింటున్నారు. "ప్రూఫు దిద్దేవాడు 'ఈ పేజీ బాగాలేదు' అని రాస్తే నేనేం చేసేవాణ్ని? ఏ వరసలో ఏ అక్షరమో గుర్తు పెట్టాలి. అప్పుడు ఆ ఒక్కటీ ఊడదీసి ఇంకోటి పెడతాను" అన్నారు.

సరే, పోస్టరు ఫైలుకు నకలు తీసి, అందులోంచి ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాను. ప్రభ బొమ్మ తీసేశాను, తప్పు అలాగే ఉంది. ఊళ్ల పేర్లు తీసేశాను, ఉంది. రంగు తీసేశాను, ఉంది. ఫాంటు మార్చాను, రెండో ఫాంటులోనూ ఉంది, మూడో దానిలోనూ ఉంది. అంటే ఫాంటు తప్పు కాదు. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచాను, ఉంది. అంటే నా కంప్యూటర్ తప్పూ కాదు. చివరికి తెల్ల పేజీ మీద "ప్ర" ఒక్కటే మిగిలింది, పక్కన దాని వత్తు.

నాన్నకు ఆ "ప్ర" లోపల ఏముందో చెప్పాను. యూనికోడులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు, ఆయన సీసం అక్షరాలు పెట్టుకునే కేసులో గళ్ల లాగానే. ఒక్కో గడికి ఒక నంబరు. ప అంటే 0సీ2ఏ, పొల్లు అంటే 0సీ4డీ, ర అంటే 0సీ30. "ప్ర" కొట్టామంటే ఈ మూడు గళ్లూ వరసగా పడినట్టు. పక్కపక్కనే ఇలా వస్తే ర ను వత్తుగా మార్చి ప కు తగిలించాలని ఫాంటులోనే రాసి ఉంటుంది. "మాకు వత్తులు వేరే గళ్లలో ఉండేవి. పొల్లుతో పని లేదు" అన్నారు. కాసేపు ఆగి, "మిగతా పోస్టరులో వత్తులన్నీ సరిగానే ఉన్నాయా?" అని అడిగారు. చూశాను. ఉన్నాయి! కింద చిన్న అక్షరాల్లో "కార్యక్రమం", "శ్రీ" అన్నీ చక్కగా ఉన్నాయి. శీర్షిక ఒక్కటే చెడింది. "శీర్షికకు నువ్వు ప్రత్యేకంగా ఏం చేశావు?"

అక్షరాల మధ్య ఎడం పెంచాను. దూరం నుంచి కనబడాలని.

"అదే. ప కీ దాని వత్తుకీ మధ్య స్పేసు ముక్క దూర్చినట్టు ఉంది" అన్నారు నాన్న, తెర వైపు చూడకుండానే.

ఎడం సున్నా చేశాను. వత్తు వచ్చి ప కింద కూర్చుంది. పది శాతం పెంచితే కొంచెం జరిగింది, ముప్పై పెంచితే ఇంకా జరిగింది. రోజుల తరబడి పక్కనే ఉన్న మనిషిని వదిలేసి సముద్రాల అవతలివాళ్లను తిట్టుకున్నాను.

ఇంత చిన్నది చేసి చూపించడం ఎంత అవసరమో అంతకుముందు ఏడాదే తెలుగువాళ్లందరూ చూశారు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు ఆగిపోతున్నాయని గగ్గోలు పుట్టింది గుర్తుందా? "తెలుగు వల్ల ఫోను పాడవుతోంది" అని అందరూ అన్నారు. ఆ మాటతో ఎవరూ ఏమీ బాగుచేయలేరు. దాన్ని విడదీసి చూసినవాళ్లు ఐదు గళ్లకు కుదించారు: జ, పొల్లు, ఞ, అక్షరాలను కలవకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి, దీర్ఘం. ఈ ఐదూ ఈ వరసలో వస్తేనే చిక్కు. ఆ నెలలోనే ఐఫోన్లకు కొత్త సాఫ్ట్‌వేరు, ఐఓఎస్ 11.2.6 వచ్చి అది సర్దుకుంది. తప్పును అక్షరం దాకా తరిమితే ఇక దానికి దాక్కునే చోటుండదు.

డిసెంబరు 29 రాత్రి రెండో ఉత్తరం. సబ్జెక్టు లైనులో సాఫ్ట్‌వేరు వెర్షను నంబరు, ఆ తరవాత "అక్షరాల మధ్య ఎడం పెంచితే తెలుగు వత్తు పక్కకు జరుగుతోంది". లోపల ఏడు లైన్లు. నేను వాడే కంప్యూటర్ ఏది. ఏం చేశాను: ఈ మూడు గళ్లు కొట్టి ఎడం ముప్పై శాతం పెట్టాను. ఏం రావాలి: వత్తు ప తోనే ఉండాలి. ఏం వచ్చింది: జరిగింది. ఏమేం ప్రయత్నించాను: మూడు ఫాంట్లు, రెండు కంప్యూటర్లు, ఒకటే ఫలితం. ఎడం సున్నా చేస్తే సమస్య లేదు. జత చేసినవి రెండు: రెండు పేజీల ఫైలు, మొదటి పేజీలో శీర్షిక, రెండో పేజీలో ఉత్త "ప్ర". ఇంకోటి బొమ్మ. ఎడమ వైపు సరైనది, కుడి వైపు తప్పు, ఎర్ర బాణం గుర్తు. ఆ బాణం పెట్టడం చాలా ముఖ్యం. తెలుగు రాని మనిషికి మన అక్షరం ఎలా ఉండాలో ఎలా తెలుస్తుంది? వాళ్ల కంటికి రెండూ అందమైన ముగ్గులే.

అర్జెంట్ అనలేదు. కనుమ మాట ఎత్తలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి ఒక్కో లైనులో ఒక్కో సంగతి. నిజానికి అదే మేలైంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ పాడుచేస్తారని తరవాత తరవాత గమనించాను.

జవాబు రాత్రి 2.40కి వచ్చి ఉంది, పొద్దున్న పాలప్యాకెట్లు తెస్తూ ఫోనులో చూశాను. ఆయన ఉన్న యూరప్‌లో అప్పుడు రాత్రి 10.10. అదే ఒక్క లైను మనిషి! ఈసారి రెండు పేరాలు రాశాడు. నీ ఫైలు తెరిచాను, నాకూ అలాగే వచ్చింది. ఎడాన్ని మా ప్రోగ్రాము ప్రతి ముక్కకూ కలుపుతోంది, అక్షరం, వత్తు, గుణింతం కలిసిన మొత్తం గుంపుకు ఒకసారే కలపాలి. ఇది మా తప్పే, రాసిపెట్టుకున్నాను. అప్పటిదాకా ఎడం సున్నా పెట్టి, అక్షరానికీ అక్షరానికీ మధ్య సన్నటి ఖాళీ గుర్తు చేత్తో పెట్టుకో. కింద సంతకం, దాని పైన "ఇంత శుభ్రంగా పంపినందుకు సంతోషం" అని ఒక మాట. శుభలేఖ మీద పేరు పడినంత ఆనందం వేసింది నాకు.

స్పేసు ముక్క అన్నారే నాన్న, సరిగ్గా అదే. చదివి వినిపిస్తే "మరి?" అన్నారంతే.

పోస్టర్లు వేళకు అచ్చయ్యాయి. పదకొండు ఊళ్ల గోడలకూ ఎక్కాయి.

ఇక నేను చేసిన ఇంకో తప్పు చెప్పాలి, మేనల్లుడు తప్పకుండా చేస్తాడు కాబట్టి. పోస్టర్లు, పండగ, నాన్న కంటి ఆపరేషను, ఆ హడావుడిలో ఆయనకు "పని అయింది" అని రాయలేదు. ఫిబ్రవరిలో ఆయనే అడిగాడు, ఆ ఖాళీ గుర్తు ఉపాయం పనిచేసిందా అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్లికి వచ్చి పనులన్నీ చేసిపెట్టిన మనిషిని భోజనానికి పిలవడం మరిచిపోయినట్టు. పనిచేసిందని, పనిచేయకపోతే చేయలేదని, రెండు లైన్లు రాయాలి. రేపు ఇంకో ఊళ్లో ఇదే చిక్కులో పడ్డవాళ్లు వెతుక్కుంటే, ప్రశ్న, జవాబు, "పనిచేసింది" అన్న మాట మూడూ దొరకాలి. తమిళ లిపిలో పనిచేసే ఒకాయనకు నా ఉత్తరమే అలా దొరికిందట.

ఒకే ప్రశ్నను నాలుగు చోట్ల ఒకేసారి పడేయడం కూడా నాకు తెలిసిన జబ్బే. కాలువ శివారు భూములకు నీళ్లు రాకపోతే లస్కరుకు, నీటి సంఘానికి, ఇంజనీరు గారికి, నాయకుడికి, అందరికీ ఒకే పూట ఫోన్లు వెళతాయి. ప్రతివాళ్లూ అవతలివాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు. తూము దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఒక చోట అడిగి, వారం ఆగి, అప్పుడు ఇంకో చోట అడగడమే పద్ధతి. అప్పుడు కూడా మొదటి చోటు సంగతి చెప్పి అడగాలి.

అన్నీ సరిగా చేసినా జవాబు రాని సందర్భాలు ఉన్నాయని వాడికి ముందే చెప్పేస్తున్నాను. రెండేళ్ల కిందట ప్రింటరు రంగుల గురించి ఆకు, కాడ, వేరు అన్నీ జతచేసి అడిగాను. నేటికీ మౌనమే. తెలిసినవాళ్లు ఆ వారం ఊళ్లో లేకపోవచ్చు, అసలు తెలిసినవాళ్లే ఉండకపోవచ్చు. జీతం లేని పని, ఎవరినీ నిలదీయలేం. నేను ఆ మౌనాన్ని లోకువ కింద జమకట్టడం మానేశాను. వారం ఆగి ఒకసారి గుర్తుచేస్తాను, అదీ కొత్తగా కనిపెట్టిన సంగతి ఏదైనా ఉంటేనే.

అవతలి కుర్చీలో కూర్చున్నాక ఇది ఇంకా బాగా తెలిసింది. ఇప్పుడు తెలుగు ఫాంట్ల గురించి నాకే రాస్తుంటారు, రావులపాలెం, పాలకొల్లు, ఇంకా ఎక్కడెక్కడి డీటీపీ వాళ్లో. "మేడం, తెలుగు రావడం లేదు." అంతే ఉంటుంది. ఎక్కడ రావడం లేదు? ఫోనులోనా, ప్రింటులోనా? ఒకాయన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజీ పెట్టారు, అందులో మూడు నిమిషాలు వాళ్లావిడ ఆరోగ్యం. జాలేసింది, కానీ శుభలేఖలు కత్తిరించాల్సిన వేళ అది. ఇంకో అమ్మాయి, నరసాపురం, మొదటి ఉత్తరంలోనే ఫైలు, ఫాంటు పేరు, ఎర్ర బాణం. అన్నం పళ్లెం పక్కన పెట్టి మరీ జవాబిచ్చాను. ఆ అమ్మాయి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం తేలిక, అంతే.

అడగడం చిన్నతనమని కూడా మా మేనల్లుడు అనుకుంటున్నాడు, మాటల్లో తెలిసిపోతోంది. 1991 జులై 3న హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకునే ఒక 21 ఏళ్ల కుర్రాడు, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల చర్చాబృందంలో ఒక ప్రశ్న వేశాడు. ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను, పోసిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ప్రమాణాల పాఠం కంప్యూటర్లో చదివే రూపంలో ఎక్కడ దొరుకుతుంది అని. చిన్న ప్రశ్న. ఎందుకు కావాలో అరలైను, ఏం కావాలో ఒక లైను. ఆగస్టు 25న మళ్లీ వచ్చి, తానొక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని చెప్పి, మీకు అందులో ఏమేం ఉంటే బాగుంటుందని అడిగాడు. లైనస్ టోర్వాల్డ్స్. ఇప్పుడు మేనల్లుడి చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది ఆయన అప్పుడు రాసిన ఆ లైనక్సే.

ఇక మేనల్లుడి ఉత్తరం సంగతి: సబ్జెక్టు లైనులో "హెల్ప్ నీడెడ్ అర్జెంట్లీ", లోపల కాలేజీ పేరు, గైడు గారి పేరు, సబ్మిషను తేదీ. ఎర్రరు మెసేజీ ఏమిటో లేదు. అడిగితే "పెద్దగా ఉంది అత్తా, అందుకే పెట్టలేదు" అన్నాడు. ఆకు పెద్దగా ఉందని ఇంటి దగ్గర వదిలేసి వెళ్లాడన్నమాట.

నా వత్తు కథకు ముగింపు మరుసటి సంక్రాంతికి దొరికింది. అప్పటికి కొత్త వెర్షను వచ్చింది, చేసిన మార్పుల చిట్టాలో నా తప్పు కూడా ఉంది. ఆయన ఉత్తరం రాశాడు: ఇది మళ్లీ చెడకుండా ఉండడానికి నీ మొదటి పేజీలోని శీర్షికను మా పరీక్షల్లో చేర్చాం, ఇకమీదట ప్రతి వెర్షనూ విడుదలకు ముందు ఆ రెండు మాటలనూ సరిగా పేర్చి చూపించాలి. అంబాజీపేట పోస్టరు శీర్షిక ప్రపంచంలో ఎక్కడో ఒక కంప్యూటర్లో రోజూ పరీక్ష రాస్తోందన్నమాట. దుకాణంలో అందరికీ స్వీట్లు పంచాను.

కొత్త వెర్షనులో ఆ ఏటి పోస్టరు చేసి, నిరుటి శీర్షికే అతికించి, ఎడం ముప్పై శాతం పెట్టి ప్రూఫు తీశాను. వత్తులు ఎక్కడివక్కడ. నాన్నకు కళ్లు బాగయ్యాయి కదా, కాగితం చేతిలో పెట్టాను. గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్లి, పాత అలవాటు కొద్దీ కాగితాన్ని తలకిందులుగా తిప్పి చదివారు. కంపోజిటర్లకు అలా చదివితేనే తప్పులు కనబడతాయట. చాలాసేపు పలకలేదు.

"తీర్థానికి ఏ వత్తు పెట్టావు?"

చూశాను. థ వత్తు ఉండాల్సిన చోట ధ వత్తు ఉంది. పొట్టలో చుక్క లేదు. తీర్ధం. నిరుడు పదకొండు ఊళ్ల గోడల మీదా అదే. నేను పంపిన ఫైలులో, ఎర్ర బాణం పెట్టి ఇది సరైనదని చూపించిన బొమ్మలో, వాళ్ల పరీక్షలో, అన్నిటిలోనూ అదే.

"ప్రూఫు ఎవరు చూశారు?" అన్నారు నాన్న.

"వాళ్లకు తెలుగు రాదు నాన్నా."

"నీకు వచ్చుగా."